బొమ్మ మీద నంబరు

క్రిసాంతో మంచివాడని సైట్‌లో అందరూ అనేవాళ్ళు. నర్సింగ్‌కు అనుమానం మొదలైంది అక్కడే. పదకొండేళ్ళుగా గల్ఫ్‌లో ఉండి, చేతిలో అధికారం ఉండి, పనివాడి మీద ఒక్కసారైనా గొంతు పెంచని మనిషి ఎక్కడైనా ఉంటాడా? ఉన్నాడంటే వాడికి మన దగ్గర ఏదో పని పడిందన్నమాట. ఆ పనేమిటో తేలేదాకా నర్సింగ్‌ నిద్రపోయే రకం కాదు.

అది 2021 జనవరి. ప్రపంచ కప్పుకు రెండేళ్ళు కూడా లేవని ఖతర్ అంతా ఉరుకులు పరుగుల మీద ఉంది. ఆట చూడటానికి వచ్చేవాళ్ళ కోసం అల్ రయ్యాన్ వైపు కడుతున్న ఒక హోటల్ దగ్గర నర్సింగ్ పరంజా పని చేసేవాడు. గోడల చుట్టూ ఇనుప పైపులు బిగించి, పలకలు పరిచి, మిగతా పనివాళ్ళు నిలబడటానికి చోటు చేసే పని. ఊరు జగిత్యాల దగ్గర ఒక పల్లె, వయసు నలభై నాలుగు. క్రిసాంతో ఫిలిప్పీన్స్ వాడు, పరంజాలకు ఇన్‌స్పెక్టరు. పొద్దున్నే ప్రతి బిగింపూ తట్టి చూసి, బాగుంటే పచ్చ ట్యాగ్ వేలాడదీసేవాడు. ఆ ట్యాగ్ లేనిదే పైకి ఎవరూ ఎక్కకూడదు. ఎవరు ఎక్కాలో, ఎవరు కింద ఉండి పైపులు అందించాలో రిజిస్టర్‌లో రాసేవాడూ అతనే.

నర్సింగ్‌ లోపల ఒక గుట్టు ఉంది. డిసెంబరు మొదటి వారం నుంచి పైన నిలబడితే అతనికి కళ్ళు తిరుగుతున్నాయి. మొదటిసారి నాలుగో అంతస్తు ఎత్తులో క్లాంపు బిగిస్తుండగా ఎదురుగా ఉన్న క్రేను ఒక పక్కకు వాలినట్టయింది. పైపును కావలించుకుని కళ్ళు మూసుకున్నాడు. వాలింది క్రేను కాదని అతనికి తెలుసు. ఎవరికీ చెప్పలేదు. అంతకుముందు ఏడాదే ఇద్దరికి క్లినిక్‌లో 'అన్‌ఫిట్' అని రాశారు, పది రోజుల్లో ఇద్దరూ విమానం ఎక్కారు. ఆ ముద్ర పడ్డ మనిషికి, అదీ ఈ వయసులో, మళ్ళీ వీసా ఇచ్చేదెవరు? పరంజా తప్ప నర్సింగ్‌కు ఇంకో పని రాదు. ఊళ్ళో చేయడానికి పని లేదు. కాబట్టి నోరు మూసుకుని ఎక్కుతూ పోయాడు.

ఒక్క భార్య గంగులమ్మకు మాత్రం ఫోన్‌లో చెప్పాడు. ఆమె క్షణం కూడా ఆలోచించలేదు.

"ఎవలో నీ మీద చేసిండ్రు. దుబాయ్‌ల నిన్ను ఓర్వనోళ్ళు ఎవలున్నరో చూస్కో. నీ బట్టలు, ఎంటికలు ఎవలకు దొరకనియ్యకు" అంది. గల్ఫ్ అంతా ఆమెకు దుబాయే.

బాణామతి మాట ఆమె నోటితో అనలేదు. అనాల్సిన అవసరమూ లేదు. కట్టుకున్న బట్ట ముక్క దొరికితే చాలు, బొమ్మకు చుట్టి మనిషిని మంచాన పడేస్తారని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగినవాళ్ళే ఇద్దరూ. పగలు నవ్వుకునే సంగతే. కానీ కాళ్ళ కింద పలక ఊగుతున్నప్పుడు నవ్వు రాదు.

ఇక ఎవరా అని వెతకడం మొదలుపెట్టాడు. వెతికేవాడికి దొరక్కుండా పోతుందా? క్రిసాంతో రోజూ పొద్దున తన మొహంలోకి ఒక్క క్షణం ఎక్కువసేపు చూస్తున్నాడు. మిగతావాళ్ళను అలా చూడడు. డిసెంబరు రెండో వారం నుంచి రిజిస్టర్‌లో నర్సింగ్ పేరు కింది వరసలోకి దిగిపోయింది. పదిహేనేళ్ళ అనుభవం ఉన్నవాడు నిన్నగాక మొన్న వచ్చిన నేపాలీలకు పైపులు అందిస్తున్నాడు. అడిగితే "కల్ దేఖేంగే, భాయ్" అని నవ్వు. ఆ రేపు రానే లేదు. కింద నిలబడితే కళ్ళు తిరగడం తగ్గిందని కూడా నర్సింగ్‌కు తట్టలేదు. తనను తొక్కేస్తున్నారన్న కోపంలో ఇంకేదీ కనబడలేదు.

జనవరి రెండో వారంలో కొత్త జాకెట్లు ఇచ్చారు. మెరిసే పట్టీలున్న నారింజరంగు సేఫ్టీ జాకెట్లు, వీపు మీద ఎవరి నంబరు వాళ్ళకు. పాతవి పారేయడానికి ఒక డ్రమ్ములో వేయమన్నారు. నర్సింగ్ తనది వేసి రెండడుగులు నడిచాడో లేదో, గంగులమ్మ మాట గుర్తొచ్చి వెనక్కి తిరిగాడు. అప్పటికే క్రిసాంతో డ్రమ్ములోకి వంగి ఒక జాకెట్ తీసి చంకలో పెట్టుకుంటున్నాడు. దాని మీద నంబరు 3862. అది నర్సింగ్ నంబరు.

ఎందుకని అక్కడే అడిగి ఉంటే ఈ కథ లేదు. అనుమానం ఉన్నవాడు అడగడు, కనిపెట్టుకుని ఉంటాడు.

నాలుగు రోజులు కనిపెట్టాడు. అయిదో రోజు బట్టలు మార్చుకునే కంటైనర్‌లో క్రిసాంతో తన లాకర్ తెరిచి ట్యాగులు తీస్తుంటే, బూటు లేసు కట్టుకుంటున్నట్టు వంగి, వెనకనుంచి లోపలికి చూశాడు. లాకర్ పై అరలో జానెడు బొమ్మ. చిన్నపిల్లవాడి మొహం, నెత్తిన కిరీటం. ముందు రెండు చాక్లెట్లు. ఒంటి మీద నారింజరంగు జాకెట్ ముక్క, చుట్టూ సన్నటి కుట్లు, ఛాతీ మీద 3862. నర్సింగ్‌ లేసు కట్టుకోకుండానే బయటికి వచ్చి ఎండలో నిలబడ్డాడు.

అయినా తొందరపడదల్చుకోలేదు. శుక్రవారం దోహాలోని ఫరీజ్ బిన్ మహమూద్‌లో చాయ్ హోటల్ దగ్గర దానియేలును కలిశాడు. దానియేలుది భీమవరం పక్క పల్లె, ఒక ఖతరీ ఇంట్లో డ్రైవరు. ఆదివారం పేరు చెబితే చాలు, పాటల పుస్తకం తీసే భక్తుడు. క్రిసాంతో కూడా కిరస్తానీవాడే కదా, వాళ్ళలో ఇలాంటి బొమ్మ ఉంటుందా అని నర్సింగ్ మాట వరసకన్నట్టు అడిగాడు. దానియేలు చాయ్ కప్పు పక్కన పెట్టాడు.

"బొమ్మకి బట్టలు కట్టి చాక్లెట్లు పెట్టడమా? మాలో అలాంటివి ఉండవన్నా. బొమ్మలకి మొక్కకూడదని బైబిల్ వాక్యంలోనే ఉంది. అది మా దేవుడైతే కాదు."

దానియేలు అబద్ధం చెప్పలేదు. వాళ్ళ చర్చిలో గోడకు ఒక శిలువ, కింద ఒక బల్ల, అంతే. ప్రపంచంలో కిరస్తానీలంతా తమలాగే ఉంటారని అతని నమ్మకం. నర్సింగ్‌కు కావలసిన మాట దొరికింది. ఎవరి దేవుడూ కాని బొమ్మ ఇంకేమవుతుంది?

మర్నాడు పొద్దున క్యాంప్ బాస్ గులాం నబీ దగ్గరికి వెళ్ళి ఫిర్యాదు చేశాడు. నబీ సాబ్‌ది బోధన్. తెలుగు, ఉర్దూ కలిపి మాట్లాడతాడు, ఎవరినీ తొందరగా నమ్మడు. కానీ జాదూ, చేతబడి అన్న మాట వినగానే కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. సైట్‌లో ఏ మతం పూజలూ కుదరవని కంపెనీ రూలు ఎలాగూ ఉంది. మధ్యాహ్నానికి లాకర్ తెరిపించారు. బొమ్మ దొరికింది. జాకెట్ దొరికింది, అందులోంచి కత్తిరించిన చోటు కూడా కనబడింది. బొమ్మ దేవుడిదని క్రిసాంతో చెప్పాడు. మరి దాని మీద ఇంకొకడి నంబరు ఎందుకని నబీ సాబ్ మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ క్రిసాంతో నేల చూశాడు తప్ప పెదవి విప్పలేదు. గుమ్మం దగ్గర నిలబడ్డ నర్సింగ్‌ను చూశాడు, మళ్ళీ తల దించుకున్నాడు.

తప్పు చేసినవాడు కాకపోతే నోరెందుకు మూసుకుంటాడు? నబీ సాబ్ అదే అన్నాడు, అందరూ అదే అనుకున్నారు. ట్యాగులు లాక్కుని క్రిసాంతోను గదిలో ఉండమన్నారు. నాలుగు రోజుల్లో మనీలా టికెట్ అని మాట వచ్చింది. బొమ్మను పేపర్‌లో చుట్టి నబీ సాబ్ బీరువాలో పెట్టి తాళం వేశాడు.

ఆ సాయంత్రం నర్సింగ్ కడుపు నిండా తిన్నాడు. పీడ వదిలిందని గంగులమ్మకు చెప్పాడు. ఆమె ముడుపు కట్టానంది.

పొద్దున కొత్త ఇన్‌స్పెక్టరు వచ్చాడు. అనుభవం చూసి నర్సింగ్‌ను అయిదో అంతస్తు ఎత్తుకు రాశాడు. నర్సింగ్ ఛాతీ విరుచుకుని ఎక్కాడు. నాలుగు దాటాక చెవుల్లో హోరు మొదలైంది. అయిదు మీద పలకపై కాలు పెట్టగానే దోహా మొత్తం గిర్రున తిరిగింది. నడుముకున్న బెల్టు కొక్కెం పైపుకు తగిలించి ఉండబట్టి సరిపోయింది, లేకపోతే కింద పడేవాడే. పక్కనున్న నేపాలీతో తన కాలు జారిందని చెప్పి, పాకుతున్నట్టే దిగి, నీళ్ళ డ్రమ్ము వెనక కూలబడ్డాడు.

బొమ్మ బీరువాలో ఉంది. బొమ్మ యజమాని గదిలో ఉన్నాడు. మరి ఇదేమిటి?

అప్పుడు లెక్క వేసుకున్నాడు. నెల రోజులుగా కళ్ళు ఎందుకు తిరగలేదు? పైకి ఎక్కలేదు కాబట్టి. ఎందుకు ఎక్కలేదు? ఎక్కనివ్వలేదు కాబట్టి. ఎక్కనివ్వనిది ఎవరు? అక్కడ ఆలోచన ఆగిపోయింది, ఎందుకంటే జవాబు అతనికి నచ్చలేదు. మేలు చేసేవాడైతే మాట చెప్పి చేయవచ్చుగా, దొంగచాటుగా బట్ట ఎందుకు తీసుకున్నాడు? ఇందులో ఇంకా లోతైనదేదో ఉందని మళ్ళీ ఒక అనుమానం. అది తేల్చుకుందామనే డ్యూటీ దిగాక క్రిసాంతో గదికి వెళ్ళాడు, క్షమాపణ అడగడానికి కాదు.

క్రిసాంతో మంచం మీద బట్టలు మడతపెట్టుకుంటున్నాడు. కోప్పడలేదు. కూర్చోమని పక్కకు జరిగాడు. నర్సింగ్ గోడకు ఆనుకుని నిలబడే ఉన్నాడు.

ఆ బొమ్మ ఎవరని అడిగాడు. క్రిసాంతో పదకొండేళ్ళలో నేర్చుకున్న హిందీలో, మధ్యమధ్య చేతులతో, నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. అది బాలయేసు. వాళ్ళ దీవికి స్పెయిన్ వాళ్ళు ఓడల్లో వచ్చినప్పుడు ఇలాంటి బొమ్మ ఒకటి అక్కడి రాణికి కానుకగా ఇచ్చారట. ఈ ఏడాదికి అయిదు వందల ఏళ్ళు. ఆ తర్వాత ఫాదర్లు వచ్చారు. అంతకుముందు ఊళ్ళో చెక్క దేవతలుండేవాళ్ళట, వాళ్ళను కాల్చేశారు. ఆ దేవతల పేర్లేమిటని నర్సింగ్ అడిగితే, తమ ఊళ్ళో చెప్పేవాళ్ళెవరూ మిగల్లేదన్నాడు. సముద్రం ఒడ్డునా కొండల మీదా విడివిడిగా ఉన్న ఇళ్ళను పీకించి, చర్చి గంట కొడితే వినబడేంత దూరంలో కాపురం పెట్టించారు. గంట వినబడని చోట ఉన్నవాడు దొంగ కింద లెక్క. తర్వాతెప్పుడో సర్కారు ఊరికో అక్షరం చొప్పున ఇంటిపేర్ల పట్టిక పంపితే ఫాదర్ చదివి తలా ఒకటి పంచాడట. అందుకే వాళ్ళ ఊళ్ళో సగం ఇంటిపేర్లు ఒకే అక్షరంతో మొదలవుతాయి.

చర్చి సంగతి కూడా చెప్పాడు. ఏడాదికి నలభై రోజులు మగవాళ్ళంతా ఊరికే పని చేయాలి. సముద్రంలోంచి పగడపు రాయి కోసి తెచ్చి, సున్నంలో కోడిగుడ్ల తెల్లసొన కలిపి గోడలు లేపారు. వెదుళ్ళతో పరంజా కట్టారు. ఆ పరంజాల మీద నుంచి పడి చనిపోయినవాళ్ళలో తన ముత్తాత తాత ఒకడని ఇంట్లో చెప్పుకుంటారట. గుమ్మం మీద రాతిలో ఫాదర్ పేరు ఇప్పటికీ ఉంది. కట్టినవాళ్ళ పేరు ఒక్కటీ లేదు.

నర్సింగ్‌కు ఈ ముక్క చప్పున అర్థమైంది. దాన్ని తమ వైపు వెట్టి అంటారు. తన తాత దొర కోటలాంటి గడికి మట్టి మోశాడు. గడి ఇంకా ఉంది, తాత సమాధి ఎక్కడుందో తనకే తెలియదు.

"గింత చేసినోళ్ళ దేవుణ్ణి నువ్వెందుకు మొక్కుతున్నవ్?" అని నిలదీశాడు.

క్రిసాంతో చేతిలో చొక్కా పక్కన పెట్టాడు. "ఫాదర్లు వెళ్ళిపోయారు, భాయ్. వీడు మా దగ్గరే ఉండిపోయాడు. చిన్నపిల్లవాడు కదా, మేమే పెంచుకున్నాం" అన్నాడు. చేపలు పట్టేవాళ్ళు బాలయేసుకు వల బుజాన వేస్తారట, పోలీసులు టోపీ పెడతారట. ఎవరి పని బట్టలు వాళ్ళు కుట్టి తొడిగితే, వాళ్ళ పనిలో ఉన్న భయం అతనికి తెలుస్తుందని నమ్మకం. జనవరిలో పండుగ. కరోనా వల్ల ఈసారి చర్చికి అందరినీ రానివ్వడం లేదు. అందుకని లాకర్‌లోనే పెట్టుకుని తొమ్మిది రోజులు ప్రార్థన చేశాడు.

"నా నంబరెందుకు?"

"డిసెంబర్‌లో నువ్వు పైపును కావలించుకోవడం చూశాను. రిపోర్ట్ రాస్తే నిన్ను పంపేస్తారు. రాయకుండా పైకి పంపితే నువ్వు పడిపోతావు. రెండూ చేయలేక కింద పెట్టాను. నయం చేయమని వీడిని అడిగాను."

"మరి నబీ సాబ్ అడిగితే చెప్పవైతివి?"

క్రిసాంతో ఇంకో చొక్కా అందుకున్నాడు. జవాబు చెప్పనక్కరలేదు. నంబరు సంగతి చెబితే నర్సింగ్‌కు కళ్ళు తిరుగుతున్నాయని చెప్పాలి.

నర్సింగ్ అక్కడే నిలబడ్డాడు. ఇప్పుడు అడుగుతాడు, ఇప్పుడు అసలు మాట బయటపెడతాడు అని చూశాడు. ఫిర్యాదు వాపసు తీసుకోమంటాడు, లేదా నీ గుట్టు నా చేతిలో ఉందని బెదిరిస్తాడు. ఎవరైనా అదే చేస్తారు, తానైనా అదే చేసేవాడు. క్రిసాంతో మాత్రం ఆఖరి చొక్కా మడతపెట్టి, బీపీ ఉందేమో ఒకసారి చూపించుకోమని చెప్పి, పెట్టె జిప్పు లాగాడు.

ఆ రాత్రి నర్సింగ్ అతన్ని తిట్టుకున్నాడు. అడిగి ఉంటే బాగుండేది. అడిగినవాడికి లేదని చెప్పి హాయిగా పడుకోవచ్చు.

పొద్దున బస్సు ఎక్కకుండా నబీ సాబ్ ఆఫీసుకు వెళ్ళాడు. తన ఫిర్యాదు తప్పని, అది జాదూ కాదని, దేవుడి మొక్కని చెప్పాడు. నబీ సాబ్ అతన్ని కింద నుంచి పైదాకా చూశాడు.

"మొన్న నువ్వే వణుకుకుంట వచ్చినవ్. నిన్న పొద్దుగూకినంక ఆని రూంకు పోయినవ్, నాకు తెలుసు. ఇయ్యాల ఆని మాట మాట్లాడుతున్నవ్. జాదూ అంటే ఇదే కదా."

నర్సింగ్‌కు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తాను అల్లిన వలలో తానే చిక్కాడు. ఇప్పుడు ఎంత నిజం చెబితే అంత మంత్రం పని చేసినట్టు లెక్క. తలుపు పక్కనే ఉంది. వెళ్ళిపోవచ్చు. చెప్పిచూశాను, వినలేదు అని మనసుకు సర్ది చెప్పుకోవచ్చు. పైకి ఎక్కినప్పుడు జాగ్రత్తగా ఉంటే ఇంకో ఏడాది గడపవచ్చు. కాళ్ళు ఆ వైపు ఒక అడుగు వేశాయి కూడా. నిన్న మడతపెట్టిన చొక్కాల మీద ఆ మనిషి చెయ్యి నిమ్మళంగా కదలడం మనసులో మెదిలింది. సిగ్గనిపించింది. నలభై నాలుగేళ్ళలో అంత సిగ్గు ఎన్నడూ పడలేదు.

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నర్సమ్మను పిలువుండ్రి సాబ్. బీపీ మిషన్ తెమ్మనుండ్రి. నాకు నెలన్నర సంది కండ్లు తిరుగుతున్నయి. ఆయన చూసిండు. నయం గావాలని మొక్కుకున్నడు. నన్ను పైకి ఎక్కనియ్యలే. రిజిస్టర్ చూడుండ్రి, ఒక్క దినం గూడ ఎక్కనియ్యలే."

నర్సు వచ్చి చేతికి పట్టీ చుట్టింది. మిషన్ మీద నూట తొంభై ఆరు అని వచ్చింది. నమ్మక రెండో చేతికి చుట్టింది. అదే వచ్చింది. ఈ లోపల నబీ సాబ్ రిజిస్టర్ తెప్పించి, డిసెంబరు రెండో వారం నుంచి ఒక్కో పేజీ వేలు పెట్టి చూశాడు. అన్ని పేజీల్లోనూ నర్సింగ్ పేరు కింది వరసలోనే ఉంది. నిన్నటి పేజీ దగ్గర వేలు ఆగింది, కొత్త ఇన్‌స్పెక్టరు రాసిన పేజీ. నబీ సాబ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

ఫోన్ ఎత్తి ఎవరికో ఉర్దూలో చెప్పాడు, ఫిలిప్పీనీ టికెట్ ఆపమని. రిపోర్ట్ రాయనందుకు ఒక వార్నింగ్ లెటర్ ఇస్తే చాలన్నాడు. తర్వాత నర్సు రాసిన కాగితం నర్సింగ్ ముందుకు తోశాడు. అందులో పెద్ద అక్షరాల్లో ఉన్న మాట చదవడానికి నర్సింగ్‌కు ఇంగ్లీషు అక్కర్లేదు.

"దీని మీద సంతకం పెడితే నువ్వు పోతవ్. మల్ల రావు. తెలుసు గదా?"

తెలుసన్నట్టు నర్సింగ్ తలూపాడు. పెన్ను తీసుకున్నాడు. నబీ సాబ్‌కు ఇంకా నమ్మకం కుదరలేదు.

"నిజం చెప్పు. ఫిర్యాదు వాపస్ తీస్కొమ్మని ఆయన నిన్ను అడిగిండా?"

"అడగలే సాబ్" అన్నాడు నర్సింగ్, సంతకం పెడుతూ. "ఒక్క మాట అడిగినా నేను వచ్చేటోణ్ణి కాదు."